రోగి చెంత: విరేచనములు పట్టిన బిడ్డను కనిపెట్టు విధము

తొలకరి వానలు కురియగనే చెరువులు నిండును, నూతులలో నీరు మట్టమెక్కును. వానితోబాటు ఇండ్లలో పసిబిడ్డలకు నీళ్ల విరేచనములును బయలుదేరును. గత మాసమున ఈ శీర్షికక్రింద జ్వరపడిన రోగిని కనిపెట్టుటను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున విరేచనముల బిడ్డను గూర్చి చెప్పదలచితిమి. ఇది మిక్కిలి సామాన్యమైన వ్యాధి. సామాన్యమగుటచేతనే దీనిని తేలికగా జూచువారు పెక్కురు గలరు. ఉదయమున ఆడుకొనుచుండిన బిడ్డ సాయంకాలమునకు మెడ వ్రేలవేయునంత వేగముగా ముదురగల వ్యాధి యిదియని తల్లులు మఱువరాదు.

ముందుగా ఒక్క మాటను సోదరీమణులు మనస్సున నాటుకొనవలెను. నీళ్ల విరేచనములయందు బిడ్డ ప్రాణమునకు ముప్పు తెచ్చునది విరేచనముల లెక్క కాదు. ఒంటిలోని నీరును ఉప్పును తరలిపోవుటయే. పది విరేచనములైనను త్రాగినది నిలుపుకొని, మూత్రము పోయుచు, తల్లిని జూచి నవ్వు బిడ్డ క్షేమముగా నున్నది. నాలుగే విరేచనములై, కన్నులు గుంటలుపడి, నోరెండి, ఒడిలో వాలియున్న బిడ్డ ఆపదలో నున్నది. కావున "ఎన్ని విరేచనములైనవి?" అను ప్రశ్నతో ఆగక, "ఒంట నీరెంత మిగిలినది?" అని అడుగుట నేర్వవలెను.

పరీక్షించుట

ఇందులకు యంత్రములు అక్కఱలేదు. తల్లి కన్నులును చేతివ్రేళ్లును చాలును. నాలుగు విషయములు చూడవలెను.

మొదటిది, బిడ్డ తీరు. మామూలుగా మెలకువతో నున్నదా, చిరాకుపడి ఊరకే యేడ్చుచున్నదా, లేక పిలిచినను పలుకక మగతగా పడియున్నదా?

రెండవది, కన్నులు. లోతునకు పోయినవా? రోజును చూచు తల్లికే యీ మార్పు ముందుగా తెలియును.

మూడవది, దాహము. ఒక చెంచా నీరిచ్చి చూడవలెను. మామూలుగా త్రాగుచున్నదా, చెంచాను పట్టుకొని ఆత్రముగా త్రాగుచున్నదా, లేక త్రాగను శక్తి లేక నీరు పెదవులనుండి జారిపోవుచున్నదా?

నాలుగవది, చర్మము. బొడ్డునకును ప్రక్కకును నడుమ పొట్టమీది చర్మమును బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను మడతగా పట్టి, క్షణకాల ముంచి విడువవలెను. గోళ్లతో గిచ్చరాదు. మడత వెంటనే సర్దుకొన్న యెడల భయము లేదు. మెల్లగా సర్దుకొన్నచో నీరు తగ్గినది. రెండు సెకనులు దాటినను మడత నిలిచియున్నచో మిక్కిలి తగ్గినది.

ఈ నాల్గింటిలో ఏవియు లేనిచో ఇంటియొద్దనే చూచుకొనవచ్చును. చిరాకు, లోతుకన్నులు, ఆత్రపుదాహము, మెల్లగా సర్దుకొను చర్మము అను వానిలో ఏ రెండున్నను ఒంట నీరు తగ్గినదని యెఱిగి, త్రాగించుట ప్రారంభించి, ఆరోగ్య కేంద్రమునకు తీసికొని పోవలెను. మగత, త్రాగలేకపోవుట, లోతుకన్నులు, మడత నిలిచియుండుట అను వానిలో ఏ రెండున్నను అది ప్రాణాపాయము. మగతయో, త్రాగలేకపోవుటయో ఒక్కటి కనబడినను చాలును, ఆలస్యము చేయరాదు. 108కు ఫోను చేసి వెంటనే ఆసుపత్రి చేర్పవలెను. అట్టి బిడ్డకు నరములోనికి సెలైను ఎక్కింపవలసియుండును. త్రోవలో బిడ్డ మ్రింగగలిగినచో చెంచాతో పోయుచునే యుండవలెను.

వీనికి తోడు మూత్రమును గమనింపవలెను. ఆరు గంటలుగా మూత్రము లేకున్నను, ఏడ్చినను కన్నీరు రాకున్నను, పసికూనకు మాడు గుంటపడినను అవి నీరు తగ్గిన గుర్తులే. ఒక్క హెచ్చరిక: మిక్కిలి చిక్కి శల్యమైన బిడ్డకు విరేచనములు లేకయే కన్నులు లోతుగాను చర్మము వదులుగాను ఉండును. అట్టి బిడ్డకు చికిత్స వేఱుగా నుండును గావున వైద్యునికే చూపవలెను. రెండు నెలలు నిండని శిశువు విషయమునను ఇంటివైద్యము తగదు. చనుబాలు మాత్రమే త్రాగు శిశువు దినమునకు పలుమాఱు పలుచగా పోవుట సహజమే. అది మునుపటికంటె నీళ్లుగా మాఱినప్పుడు దానిని వ్యాధిగా నెంచవలెను.

ఉప్పు చక్కెర నీటి కథ

పోయిన నీటిని మరల పోయుటకు ఉత్తమమైనది ఓ.ఆర్.ఎస్. అను పొడిని కలిపిన నీరు. ఒట్టి నీరు చాలదా యని కొందఱడుగుదురు. పోయినది నీరు మాత్రమే కాదు, ఉప్పులును పోయినవి. అదియునుగాక, విరేచనముల వేళ పేగు ఒట్టి ఉప్పునీటిని చక్కగా పీల్చుకొనలేదు. గ్లూకోజు తోడైనప్పుడు ఆ గ్లూకోజుతోబాటు ఉప్పు పేగుగోడను దాటి లోపలికి పోవును. ఉప్పు వెంట నీరు పోవును. రోగములోను ఈ ద్వారము మూతపడకుండుటయే యీ మందు రహస్యము.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున లక్షలకొలది శరణార్థులు పశ్చిమ వంగరాష్ట్రమునకు వచ్చిరి. సరిహద్దు దగ్గఱి బన్‌గావ్ శిబిరమున కలరా చెలరేగినది. నరమునకెక్కించు సెలైను నిండుకొనుచుండగా, కలకత్తానుండి వచ్చిన వైద్యుడు దిలీప్ మహలనబీసుగారు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన పొట్లములు కట్టించి, వానిని పీపాలలో నీటితో కలిపించిరి. దానిని త్రాగించినది ఎవరు? రోగుల పక్కల నున్న తల్లులును, అక్కచెల్లెండ్రును, బంధువులును. అంతకుముందు నూటికి ముప్పదిమంది వరకు చనిపోవుచుండగా, ఈ నీటితో మరణములు నూటికి నాలుగింటికి లోబడెను. మహలనబీసుగారు 2022లో పరమపదించిరి. 2023లో వారికి పద్మవిభూషణ బిరుదము ప్రకటింపబడెను. వైద్యుని బుద్ధి సూత్రమును కనుగొనవచ్చును గాని, చెంచా పట్టుకొని రాత్రియంతయు కూర్చుండు చేయి లేక అది ఫలింపదని ఆ శిబిరము తెలుపుచున్నది.

కలుపుట

పొట్లముపై వ్రాసినంత నీటిలోనే పొడియంతయు కలుపవలెను. పెద్ద పొట్లమునకు ఒక లీటరు, చిన్న పొట్లమునకు 200 మిల్లీలీటర్లు సాధారణము. ఇచ్చటనే పెక్కు పొరపాట్లు జరుగుచున్నవి. లీటరు పొట్లమును ఒక్క గ్లాసెడు నీటిలో కలిపినచో ఉప్పు మితిమీరి బిడ్డకు హాని చేయును. పొడిలో కొంత తీసి ఒక గ్లాసున వేసికొనుటయు మంచిది కాదు, పాళ్లు తప్పును. కాచి చల్లార్చిన నీటిని కొలిచి, పొడిని కలిపి, మూతపెట్టి, 24 గంటలు గడచిన పిదప మిగిలినది పాఱబోయవలెను. పాలతోగాని, పండ్లరసముతోగాని కలుపరాదు. మరల చక్కెర వేయరాదు.

పొట్లము దొరకని వేళ ఒక లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, గీటి కొలిచి కలుపవచ్చును. చెంచా యనగా 5 మిల్లీలీటర్ల చిన్న చెంచాయే. కలిపి రుచి చూడవలెను; కన్నీటికంటె ఉప్పగా నున్నచో త్రాగింపరాదు.

అంగడిలో అందమైన సీసాలలో అమ్ము తియ్యని పానీయములను జూచి మోసపోరాదు. చక్కెర మితిమీరినచో అది పేగులోనికి నీటిని లాగి విరేచనములను హెచ్చించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన సూత్రము ప్రకారము లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండవలెను, మొత్తము 20.5 గ్రాములు. ఈ సూత్రమునకు చేరని పానీయములు ఓ.ఆర్.ఎస్. పేరు ధరించుటపై హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్‌గారు పెక్కేండ్లు పోరాడిరి. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ అట్టి పేరు వాడరాదని ఆజ్ఞాపించెను. కొనునపుడు పొట్లముపై పై యంకెలు చదివి చూచుకొనుట గృహిణుల విధి. ఆశా కార్యకర్తల వద్దను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములందును ఇది ఉచితముగా నిత్తురు.

త్రాగించుట

ప్రతి విరేచనము పిదప రెండేండ్లలోపు బిడ్డకు 50 మొదలు 100 మిల్లీలీటర్లును, అంతకు పెద్దవారికి పదేండ్లవరకు 100 మొదలు 200 మిల్లీలీటర్లును, ఆ పైవారికి త్రాగినంతయు ఇయ్యవలెను. సీసాపాలపీక వలదు, గిన్నెయు చెంచాయు శ్రేష్ఠము. నిమిషమునకో రెండు నిమిషములకో ఒక్క చెంచా. ఒక్కసారిగా గ్లాసెడు పోసినచో వాంతి యగును. "త్రాగించితిమి, నిలువలేదు" అని తల్లి విసిగి మానుకొనును. వాంతియైనను భయపడక పది నిమిషము లాగి, మరల ఇంకను మెల్లగా పోయవలెను.

నీరు తగ్గిన గుర్తులు రెండున్న బిడ్డకు ఆరోగ్య కేంద్రమున తూకము చూచి, కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలలో త్రాగింతురు. పది కిలోల బిడ్డకు 750 మిల్లీలీటర్లన్న మాట. నాలుగు గంటలైన పిదప పై నాలుగు గుర్తులను మరల చూతురు. తల్లియు గంటకొకసారి చూచుచుండవలెను.

దీనితోబాటు జింకు మాత్ర ముఖ్యము. ఆరు నెలలు దాటిన బిడ్డకు దినమునకు 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్నవారికి 10 మిల్లీగ్రాములు. ఒక చెంచా నీటిలోగాని చనుబాలలోగాని కరిగించి 10 మొదలు 14 దినములు ఇయ్యవలెను. విరేచనములు కట్టగనే మానరాదు. ముందటి నెలలలో వ్యాధి తిరుగబెట్టకుండుటకును ఇది తోడ్పడును.

ఆహారము

"లంఖణం పరమౌషధం" అను సామెత మన పెద్దల నోట నున్నది. తిని అజీర్ణము తెచ్చుకొన్న పెద్దవారికి ఒకపూట అది సరిపోవచ్చును. విరేచనముల బిడ్డకు మాత్రము లంఖణము శత్రువు. చనుబాలు ఎన్నడును ఆపరాదు. మునుపటికంటె తఱచుగా నీయవలెను. అన్నము తిను బిడ్డకు మెత్తని అన్నములో పెసరపప్పు కట్టు, మజ్జిగ అన్నము, ఇడ్లీ, మాగిన అరటిపండు కొంచెము కొంచెముగా పెట్టవలెను. గంజి, పలుచని మజ్జిగ కూడ మంచివే. వ్యాధి తగ్గిన పిదప రెండు వారములపాటు దినమునకు ఒకపూట అదనముగా పెట్టినచో తగ్గిన బరువు తిరిగి వచ్చును.

విరేచనములను బిగబట్టు లోపరమైడు మాత్రలు పసిబిడ్డలకు ఇయ్యరాదు. సామాన్యమైన నీళ్ల విరేచనములకు యాంటీబయోటిక్ మందులు పనిచేయవు. ఇంట మిగిలిన మందును పోయుట హానికరము. మలములో రక్తము కనబడినను, జ్వరము వచ్చినను, వాంతులు ఆగకున్నను, మూడు దినములలో తగ్గుముఖము పట్టకున్నను వైద్యునికి చూపవలెను.

పెద్దలను ఒప్పించుట

ఇది చదువు కోడండ్రలో కొందఱు, "తెలిసికొంటిమి సరే, నీరు పోసినకొలది విరేచనము లెక్కువగునని మా అత్తగారు పోయనీయరే!" అని నిట్టూర్చవచ్చును. ఆ పెద్దమ్మకు బిడ్డపై ప్రేమ తక్కువయై కాదు. ఆమె కాలమున నేర్పినది అది. వాదమునకు దిగక, "అత్తగారూ, మీరొకసారి వీని పొట్ట చర్మము పట్టి చూడండి. ఉదయమునుండి మూత్రము పోయలేదు, కన్నులు లోతునకు పోయినవి" అని ఆమెకే చూపుడు. గిన్నెయు చెంచాయు ఆమె చేతికే యిండు. గంట గడచి బిడ్డ కన్ను తెఱచి చూచినప్పుడు, మీ పక్షమున వాదింప వేఱొకరు అక్కఱలేదు. ఇంటి మగవారికిని ఈ నాలుగు గుర్తులు నేర్పుట మేలు. రాత్రివేళ ఆసుపత్రికి పోవలయునా వలదా యని ఇల్లంతయు తర్కించుచుండగా గడచు గంటయే మిక్కిలి ప్రమాదకరమైనది.

వ్యాధి రాకముందే చేయదగినవి తక్కువ కాదు. బిడ్డ మలమును కడిగిన పిదపను, వంటకు ముందును, అన్నము పెట్టుటకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. త్రాగునీటి బిందెలో చేయి ముంచక, కాడగల ముంతతో తీయవలెను. రోటావైరసు టీకాను 6, 10, 14 వారముల వయస్సున తప్పక వేయింపవలెను. ఆంధ్రప్రదేశమున 2016నుండి ఇది ప్రభుత్వ టీకాలలో చేరియున్నది.

రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లములు, ఒక జింకు మాత్రల పట్టీ, లీటరు కొలత గల ఒక సీసా: వీనిని నేడే పోపుపెట్టె ప్రక్కన పెట్టుకొనుడు. అర్ధరాత్రివేళ వెదకుకొను పని యుండదు. వచ్చు మాసమున దగ్గుపట్టిన బిడ్డ ఊపిరిని లెక్కించు విధమును వ్రాయుదుము.