రాడార్ తప్పు చూస్తే చెప్పేదెవరు?

పూండి జలాశయంలో ఎన్ని అడుగుల నీరుందో చెన్నై పత్రికలు రోజూ రాస్తాయి. పూర్తి మట్టం 35 అడుగులు, నిల్వ 3,231 మిలియన్ ఘనపుటడుగులు. కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలోకి ఎన్ని క్యూసెక్కులు వదిలారో ఆంధ్ర ఇంజనీర్లు చెబుతారు. ఆ నీరు 152 కిలోమీటర్లు పారి ఊత్తుకోట దగ్గర జీరో పాయింట్‌కు వచ్చేసరికి ఎంత మిగిలిందో తమిళనాడు ఇంజనీర్లు చెబుతారు. రెండు లెక్కలూ కలవవు. దారిలో కొంత ఆవిరవుతుంది, కొంత ఇంకుతుంది, కొంత గట్టున పెట్టిన మోటార్ల పాలవుతుంది. తేడా మరీ పెరిగితే పంచాయితీ మొదలవుతుంది. నాకు ఆ పంచాయితీ అంటే గౌరవం. ఒకే నీటిని ఇద్దరు రెండుచోట్ల కొలుస్తున్నారు కాబట్టే అది పుడుతోంది.

అదే పూండి మీది ఆకాశం సంగతి చూడండి. ఆగ్నేయాన మీనంబాక్కం, వాయవ్యాన రేణిగుంట, నైరుతిన అరక్కోణంలో నౌకాదళం వారి ఐఎన్ఎస్ రాజాళి. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజున ఈ చుట్టుపక్కల కొన్ని దారులు మూసేస్తారు. ఇంత రద్దీని చెన్నై కేంద్రంలో కూర్చున్న కంట్రోలర్లు రాడార్ చూపించినదాన్ని నమ్మి నడిపిస్తారు. ఆ రాడార్ ఈ నెల ఎంత బాగా చూసిందో చెప్పే పట్టిక ఏ పత్రికలోనూ నా కంట పడలేదు.

రాడార్ ఆగిపోతే క్షణంలో తెలిసిపోతుంది. తెర ఖాళీ అవుతుంది, విమానాల మధ్య దూరం పెంచుతారు, ప్రయాణికులు తిట్టుకుంటారు, మర్నాడు వార్త వస్తుంది. 2025 నవంబరు 7న ఢిల్లీలో ఆగిపోయింది రాడార్ కాదు, విమాన సందేశాలను చేరవేసే కంప్యూటర్ వ్యవస్థ. అయినా 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి, దేశమంతా తెలిసింది. నా భయం ఆగిపోయే రాడార్ గురించి కాదు. తిరుగుతూనే కాస్త తప్పుగా చూసే రాడార్ గురించి.

సెకండరీ రాడార్ 1030 మెగాహెర్ట్‌జ్ మీద ప్రశ్న వేస్తుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మీద తన సంకేతం, ఎత్తు చెబుతుంది. జవాబు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం, యాంటెన్నా తిరిగి ఉన్న వైపును బట్టి దిక్కు. సమయంలో సెకనులో పదిలక్షో వంతు తేడా వస్తే దూరం 150 మీటర్లు మారుతుంది. దిక్కులో డిగ్రీలో పదో వంతు తప్పితే 200 కిలోమీటర్ల అవతల ఉన్న విమానం 350 మీటర్లు పక్కకు జరిగి కనిపిస్తుంది. తెర మీద చుక్క మాత్రం ఎప్పటిలాగే నీటుగా ఉంటుంది. రెండు రాడార్ల చూపును ఒకే బొమ్మగా కుట్టేచోట, ఒకటి ఇటు ఒకటి అటు తప్పితే, ఒకే విమానం ఉలిక్కిపడినట్టు గెంతుతుంది.

దీన్ని కనిపెట్టడానికి పాత ఉపాయం ఒకటుంది. స్థానం కచ్చితంగా తెలిసిన చోట నేల మీదే ఒక ట్రాన్స్‌పాండర్ పెడతారు. రాడార్ తిరిగిన ప్రతిసారీ అది అక్కడే కనిపించాలి, లేకపోతే అలారం. బాగానే ఉంది గానీ అది ఒక్క దిక్కుకే సాక్షి. మరో దిక్కున కొత్తగా లేచిన బహుళ అంతస్తుల భవనం సంకేతాన్ని అద్దంలా తిప్పికొట్టి, లేని విమానాన్ని చూపిస్తే దానికేం తెలుస్తుంది? అందుకే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి పరీక్షలు చేసే ప్రత్యేక విమానాలున్నాయి. అవి రోజూ రాలేవు. రోజూ వచ్చేవి మామూలు విమానాలే. అవి జీపీఎస్ ద్వారా తమ స్థానాన్ని తామే ప్రసారం చేస్తుంటాయి. రాడార్ చెప్పినదాన్నీ విమానం చెప్పినదాన్నీ వేలసార్లు పక్కపక్కన పెట్టి చూస్తే, రాడార్ ఏ దిక్కున ఎంత తప్పుతోందో తేలుతుంది. జీరో పాయింట్ లెక్క ఇక్కడా పనికొస్తుందన్నమాట. అయితే ఈ రెండో సాక్షినీ గుడ్డిగా నమ్మలేం. ఢిల్లీతోపాటు మరికొన్ని విమానాశ్రయాల దగ్గర జీపీఎస్‌ను తప్పుదోవ పట్టించే సంకేతాలు వచ్చాయని 2025 డిసెంబరులో పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడే రాజ్యసభకు తెలిపారు.

ఇదంతా ఇంజనీర్ల పని, మనకెందుకు అనేవారికి రెండు రాత్రులు గుర్తుచేయాలి. 1997 ఆగస్టు 6న గువామ్‌లో కొరియన్ ఎయిర్ విమానం కొండను ఢీకొని 228 మంది పోయారు. మొదటి తప్పు పైలట్లది. కానీ విమానం మరీ కిందికి దిగితే కంట్రోలర్‌ను హెచ్చరించాల్సిన ఏర్పాటును, దొంగ అలారాలు ఎక్కువయ్యాయని, విమానాశ్రయం చుట్టూ 54 నాటికల్ మైళ్ల మేర అంతకుముందే నొక్కి పెట్టేశారు. అలారం మోగలేదు. 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఉబర్లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొన్నాయి. 71 మంది, అందులో బడిపిల్లలే ఎక్కువ. ఆ రాత్రి జ్యూరిచ్ కేంద్రంలో మరమ్మతుల కోసం రాడార్ వ్యవస్థను తక్కువ స్థాయిలో నడుపుతున్నారు. తెర మీద కనిపించాల్సిన ప్రమాద హెచ్చరిక పనిచేయడం లేదు. ఆ సంగతి ఒంటరిగా రెండు బల్లల పని చూస్తున్న కంట్రోలర్‌కు తెలియదు. పరికరం ఏ స్థితిలో ఉందో దాన్ని వాడేవాడికే తెలియకపోవడం కంటే ఘోరం ఏముంటుంది?

యూరప్‌లో సెకండరీ రాడార్ నూటికి 97 సార్లయినా విమానాన్ని పట్టాలని ప్రమాణం రాసుకున్నారు. మన రాడార్లు ఆ గీతకు ఎగువన ఉన్నాయో దిగువన ఉన్నాయో మూడు నెలలకోసారి ప్రకటించమని మంత్రిగారిని అడుగుతున్నాను. ఎన్ని గంటలు పనిచేసింది, నూటికి ఎన్నిసార్లు పట్టింది, ఎన్ని దొంగ చుక్కలు చూపింది, అలారాల్లో ఏవి ఎన్ని రోజులు ఆపి ఉంచారు. ఆ చివరి గడి అన్నిటికంటే ముఖ్యం. ప్రకటించాల్సి వస్తే కొలిచే ఇంజనీర్లకు మనుషులు, విడిభాగాలు అడిగే బలమూ వస్తుంది. ఇప్పుడు వాళ్లు రాసే నివేదికలు ఆఫీసు బీరువా దాటే అవసరమే లేదు.

భద్రతా కారణాలు అడ్డువస్తాయంటారు. పక్కనే రాజాళి ఉంది, శ్రీహరికోట ఉంది, నిజమే. సైనిక రాడార్ల జోలికి ఎవరూ పోవద్దు. పౌర విమానాల రాడార్‌ను మాత్రం దాచడం కుదరని పని. అది పగలూ రాత్రీ రేడియోలో ప్రశ్నలు వేస్తూనే ఉంటుంది, వినగలిగినవాడు ఎప్పుడో విన్నాడు. మూడు నెలల నాటి శాతాలు చూసి శత్రువు కొత్తగా తెలుసుకునేది ఏమీ ఉండదు.