రింగు ఒక్కటే, పెత్తనాలు ఎన్నో

మనం ఉంటున్న జెర్సీ సిటీకి బాక్సింగ్ చరిత్రలో పెద్ద పేరే ఉంది. 1921 జులై 2న ఇక్కడి 'బాయిల్స్ థర్టీ ఏకర్స్'లో చెక్కతో కట్టిన స్టేడియంలో జాక్ డెంప్సీ, ఫ్రాన్స్‌కి చెందిన కార్పెంటియర్‌ని నాలుగో రౌండులో పడగొట్టాడు. చూడటానికి దాదాపు 80 వేల మంది వచ్చారు. టిక్కెట్ల వసూలు 10 లక్షల డాలర్లు దాటిన మొదటి పోటీ అదే. న్యూయార్క్ గవర్నర్ ఒప్పుకోకపోవడంతో ప్రమోటర్ నది దాటి ఇక్కడికి వచ్చాడు.

నూరేళ్లు దాటినా ఆ పద్ధతి మారలేదు. ఒక రాష్ట్రం కాదంటే ఇంకో రాష్ట్రం. అమెరికాలో ప్రొఫెషనల్ బాక్సింగ్‌ని రాష్ట్రాల కమిషన్లే చూసుకుంటాయి, జాతీయ సంస్థ లేదు. పైగా డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలు. ఒకే బరువులో నలుగురు ప్రపంచ చాంపియన్లు! టైటిల్ పోటీ జరిగిన ప్రతిసారీ బాక్సర్ సంపాదనలోంచి వీటికి ఫీజు కట్టాలి.

వీటిలో ఐబీఎఫ్ మన న్యూజెర్సీలో పుట్టిందే. ర్యాంకులకు లంచాలు తీసుకున్నారని దాని వ్యవస్థాపకుడు బాబ్ లీ మీద 1999లో కేసు పెట్టారు. చాలా ఆరోపణలు వీగిపోయినా, మనీ లాండరింగ్, పన్ను ఎగవేత వంటి నేరాల్లో 2000లో నెవార్క్ ఫెడరల్ కోర్టు జ్యూరీ దోషిగా తేల్చింది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1996 చట్టం రింగు పక్కన డాక్టరు, అంబులెన్సు, బీమా ఉండాలంది. 2000లో వచ్చిన మహమ్మద్ అలీ చట్టం ప్రమోటరూ మేనేజరూ ఒకే జేబులో ఉండకూడదంది. అమలు చేసే నాథుడే లేడు. సెనేటర్ మెకెయిన్ కోరిన జాతీయ బాక్సింగ్ కమిషన్ బిల్లుని సెనేట్ 2004లో ఆమోదించింది, కానీ అది చట్టం కాలేదు.

దీని ఫలితం ఏమిటో 2013 నవంబర్ 2న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చూశాం. రష్యా నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన మాగొమెద్ అబ్దుసలామోవ్ పది రౌండ్లు దెబ్బలు తిన్నాక ఆసుపత్రికి టాక్సీలో వెళ్లాల్సి వచ్చింది. మెదడులో రక్తస్రావమై జీవితాంతం మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. 2017లో న్యూయార్క్ రాష్ట్రం ఆ కుటుంబానికి 2 కోట్ల 20 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ప్రాణాంతక మెదడు గాయాలకు 10 లక్షల డాలర్ల బీమా తప్పనిసరి అని 2016లో న్యూయార్క్ నిబంధన పెడితే, ఖర్చు ఎక్కువని ప్రమోటర్లు అక్కడ పోటీలు పెట్టడమే కొన్నాళ్లు మానేశారు. మంచి నియమం పెట్టిన రాష్ట్రమే నష్టపోయింది. దేశమంతా ఒకే నియమం ఉంటే ఇలా జరుగుతుందా?

అయితే ఏకం చేయడం అంటే ఒకరి చేతిలో పెట్టడం కాదు. 2025లో కాంగ్రెస్ ముందుకు వచ్చిన అలీ 'రివైవల్' బిల్లు, పోటీలు పెట్టే కంపెనీయే ర్యాంకులూ టైటిళ్లూ కూడా ఇచ్చుకునే దారి తెరుస్తుంది. బాక్సర్లకు కనీస చెల్లింపు, ఆరోగ్య బీమా అందులో ఉన్న మాట నిజమే, వాటిని మేమూ సమర్థిస్తాం. కానీ పని ఇచ్చేవాడే కొలత వేస్తే కూలి ఎలా ఉంటుందో వలస వచ్చినవాళ్లకి వేరే చెప్పాలా? మధ్యలో వెండర్లు ఎంత తీసుకుంటున్నారో తెలియక కాంట్రాక్టు ఉద్యోగం చేసేవాళ్లు మనలో ఎందరు లేరు? అలాంటి మనకే లేబర్ డిపార్ట్‌మెంట్ అనే ఒక గడప ఉంది. బాక్సరుకి అదీ లేదు.

మేము కోరేది మూడే. ప్రమోటర్లతో సంబంధం లేని జాతీయ కమిషన్ కావాలి. అన్ని రాష్ట్రాల్లో ఒకే వైద్య పరీక్ష, ఒకే బీమా ఉండాలి. గాయపడినవారికి పింఛను నిధి ఉండాలి, అది టిక్కెట్ల, టీవీ ఆదాయంలోంచి రావాలి. మనలో చాలామందికి ఓటు లేదు. అయినా మన ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాయడానికి వీసా అడ్డు రాదు. ఒళ్లు అమ్ముకుని బతికే కార్మికుడి పక్షాన ఆ నాలుగు ముక్కలూ రాద్దాం.