గ్రంథాలయానికి పోదాం రండి!

బాలలూ!

పరీక్షలు అయిపోయినవి. పుస్తకాల సంచి కొక్కేనికి ఎక్కింది. మామిడిపండ్లూ, తాటిముంజెలూ బజారులోకి వచ్చినవి. పొద్దున ఆటలు, సాయంకాలం ఆటలు. బాగానే ఉన్నది! మరి పదిగంటలు మొదలు నాలుగు గంటల దాకా, కాకులు కూడా కొమ్మ దిగని ఎండలో ఏం చేస్తారు? "ఏమీ తోచడం లేదు!" అని ఇంట్లో అమ్మను విసిగించేవారు మీలో చాలామంది ఉన్నారని నాకు తెలుసును. ఆ ఆరు గంటలకూ నేనొక చోటు చెబుతాను. అక్కడ నీడ ఉన్నది. కూర్చోవడానికి బల్ల ఉన్నది. లోపలికి పోయి చదువుకునేందుకు డబ్బు ఇవ్వనక్కర లేదు. అదే మీ ఊరి గ్రంథాలయం.

"ఊరికే ఎవరైనా ఇస్తారా?" అంటారేమో. ఊరికే కాదు. దాని ఖర్చు మీ ఇంటివారే భరిస్తున్నారు. 1960లో మన రాష్ట్రంలో గ్రంథాలయాల చట్టం చేశారు. దాని ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయపన్ను వసూలు చేస్తారు. ఇప్పుడు లెక్క కట్టండి. ఇంటిపన్ను 1000 రూపాయలైతే గ్రంథాలయానికి ఎంత? 80 రూపాయలు. అద్దె ఇంట్లో ఉండేవారి అద్దెలో కూడా అది కలిసే ఉంటుంది గదా! కనుక అక్కడి బెంచీమీద బిడియపడుతూ కూర్చోనక్కర లేదు. అది మీ బెంచీ. పుస్తకం ఇంటికి తీసుకుపోవాలంటే మాత్రం సభ్యులుగా చేరి కొద్దిపాటి ధరావతు కట్టాలి.

బళ్ళో ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక ఇంకొక మాట చెబుతాను. మార్చి నెలలో గడగడా చదివిన పిల్లవాడే జూన్‌లో బడి తెరిచేసరికి కూడబలుక్కుని చదువుతాడు. చదువు ఈత వంటిది కాదు, ఒకసారి వస్తే ఊరుకోవడానికి. అది తోటవంటిది. రెండు నెలలు నీరు పెట్టకపోతే వాడిపోతుంది. ఇంటినిండా పుస్తకాలున్న పిల్లలకు ఆ బెంగ తక్కువ. ఇంట్లో ఒక్క పుస్తకమూ లేని పిల్లల మాటేమిటి? వారి తోటకు నీరు పెట్టే బావి గ్రంథాలయమే.

ఇప్పుడు మిమ్మల్ని హైదరాబాదుకు తీసుకుపోతాను. ఆదివారంనాడు అబిడ్స్ చూడాలి. దుకాణాలు మూసి ఉంటవి. ఆ మూసిన తలుపుల ముందు, కాలిబాట పొడుగునా, పాతపుస్తకాలు పరిచి అమ్ముతారు. పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు, కథల పుస్తకాలు, అట్టలు ఊడినవీ, ఎవరో బహుమతిగా పేరు వ్రాసి ఇచ్చినవీ అన్నీ అక్కడే. పుస్తకం మీద ఆశ ఉండి జేబులో డబ్బు తక్కువగా ఉన్నవారికి ఆ కాలిబాట పెద్ద పండుగ. "అబిడ్స్" అనే పేరు ఎలా వచ్చిందో తెలుసునా? ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ అబిడ్ అనే ఆయన ఉండేవాడు. ఆయన అక్కడ ఒక పెద్ద దుకాణం నడిపాడు. దుకాణం పోయింది. పేరు మాత్రం పేటకు నిలిచిపోయింది.

అబిడ్స్ నుంచి కోఠీ వైపు నడిస్తే సుల్తాన్ బజారు వస్తుంది. అక్కడ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉన్నది. దాని కథ మీరు తప్పక తెలుసుకోవాలి.

అది నిజాం ప్రభువుల కాలం. కచేరీలలో ఉర్దూ, పెద్ద చదువుల్లో ఉర్దూ, ఇంగ్లీషు. 1891లో వెలసిన అసఫియా గ్రంథాలయం నగరంలో ఉండేది. ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా ఉన్నది అదే. అరబ్బీ, పారశీ, ఉర్దూ గ్రంథాలకు అది పెట్టింది పేరు. కాని ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు తెలుగు పుస్తకం కోసం ఎక్కడికి పోవాలి? ఈ బాధ కొందరు పెద్దలకు కలిగింది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలైనవారు కలిసి 1901 సెప్టెంబరు 1వ తేదీన ఈ భాషానిలయాన్ని స్థాపించారు. సొంత భవనం లేదు. రంగారావుగారి ఇంట్లోనే మొదలుపెట్టారు. ఆయన పోయిన తరువాత ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారు భవనానికి విరాళమిచ్చారు. ఒక ఇంటి గదిలో పుట్టిన గ్రంథాలయం ఇప్పటికి నూరేళ్ళు దాటి నడుస్తున్నది.

ఎలా నిలిచింది? బీరువాలో పుస్తకాలు పెట్టి తాళం వేస్తే నిలవలేదు. అక్కడ సభలు జరిగినవి, ఉపన్యాసాలు జరిగినవి, పదిమందీ కూర్చుని మాట్లాడుకున్నారు. చదువు వచ్చినవారు చదివితే రానివారు విన్నారు. పుస్తకం నోటిమాటగా మారి ఇంటింటికీ పోయింది.

దానికి ఎంత అవసరం ఉండేదో ఒక్క సంగతి వింటే మీకు తెలుస్తుంది. 1921 నవంబరులో హైదరాబాదులోనే, వివేకవర్ధిని పాఠశాలలో, సంఘసంస్కరణ సభ ఒకటి జరిగింది. కొందరు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావుగారు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గేలిచేసి, అల్లరిచేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. చూశారా! తన ఊళ్ళో, తన భాషలో మాట్లాడడానికి నోరు లేకపోయింది. అక్కడున్న తెలుగువారికి మనస్సు చివుక్కుమన్నది. ఆ రాత్రే కూడి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. ఆ సంఘంవారు మొదట పెట్టుకున్న పనుల్లో ఒకటేమిటి? ఊళ్ళల్లో గ్రంథాలయాలూ, పఠనమందిరాలూ పెట్టించడం! తరువాత 1943 మే నెలలో, ఇటువంటి ఎండల్లోనే, సారస్వత పరిషత్తు పుట్టింది. ఇప్పుడు దానిని తెలంగాణ సారస్వత పరిషత్తు అంటారు. అబిడ్స్‌లోని తిలక్ రోడ్డున ఉన్నది. బళ్ళో తెలుగు నేర్చుకునే వీలులేనివారు సైతం పరీక్షలకు కట్టి తెలుగు చదువుకునే ఏర్పాటు వారు చేశారు.

ఇప్పుడు నాంపల్లికి పోదాం. పబ్లిక్ గార్డెన్స్ అనే పెద్ద తోటలో జవహర్ బాలభవన్ ఉన్నది. ఢిల్లీలో 1956లో మొదటి బాలభవన్ పెట్టారు. హైదరాబాదులోది 1966లో వచ్చింది. ఏటా వేసవిలో అక్కడ పిల్లలకు పాటలు, నాట్యం, బొమ్మలు వెయ్యడం, వాద్యాలు నేర్పుతారు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయాల్లోనే వేసవి విజ్ఞాన శిబిరాలు జరుపుతున్నారు. కథలు చెప్పించడం, బొమ్మలు వేయించడం, ఆటలు ఆడించడం అక్కడి పనులు. మీ ఊళ్ళో శిబిరం ఉంటే చేరండి. లేకపోతే? ఒక ఇంటి గదిలో భాషానిలయం మొదలు కాలేదూ! మీరు నలుగురు కలిస్తే శిబిరమే. గ్రంథపాలకుని వద్దకు పోయి నమస్కారం చేసి, "అయ్యా, ఈ వేసవిలో వారానికి ఒకరోజు మేము పిల్లలం ఇక్కడ కార్యక్రమం పెట్టుకుంటాము, అనుమతి ఇవ్వండి" అని మర్యాదగా అడగండి. ఇస్తే ఈ కింది నాలుగు పనులు చెయ్యండి.

మొదటి పని: అంకెల వేట. చాలా గ్రంథాలయాల్లో పుస్తకం వీపుమీద ఒక అంకె అంటించి ఉంటుంది. 1876లో మెల్విల్ డ్యూయీ అనే అమెరికా దేశస్థుడు ఈ పద్ధతి కనిపెట్టాడు. లోకంలోని చదువునంతా పది భాగాలు చేసి, ఒక్కొక్కదానికి నూరు అంకెలు ఇచ్చాడు. 500 మొదలు శాస్త్రాలు. అందులో 523 నక్షత్రాలూ గ్రహాలూ, 598 పక్షులు. ఆటలు 796. మన తెలుగు సాహిత్యానికి 894.827. చీటీలమీద అంకెలు వ్రాసి తలా ఒకటి తీసుకోండి. ఎవరు తమ పుస్తకం ముందు పట్టుకుంటే వారిదే గెలుపు. పరుగెత్తకూడదు, అరవకూడదు. ఇక మీకు ఏ పుస్తకం ఎక్కడున్నదీ ఒకరిని అడగనక్కర ఉండదు.

రెండవ పని: ఒక ప్రయోగం. పాత పుస్తకం పసుపుపచ్చగా ఎందుకవుతుంది? వార్తాపత్రిక ముక్క ఒకటి, మీ నోటుబుక్కులోని తెల్లకాగితం ముక్క ఒకటి తీసుకోండి. రెండింటి మీదా సగం దాకా మందపాటి అట్టముక్క కప్పి ఎండలో పెట్టి, ఎగిరిపోకుండా రాయి ఉంచండి. వారం తరువాత అట్ట తీసి చూడండి. వార్తాపత్రికలో ఎండ తగిలిన సగం పచ్చబడి ఉంటుంది. కప్పిన సగం అంతగా మారదు. తెల్లకాగితంలో మార్పు చాలా తక్కువ. కారణం ఏమిటంటే, కర్రలో సెల్యులోజ్ అనే నారపోగులు ఉంటవి. వాటిని అంటిపెట్టుకుని లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. చవక కాగితంలో లిగ్నిన్ చాలావరకు ఉండిపోతుంది. వెలుతురూ, గాలీ తగిలి అది రంగు మారుతుంది. మంచి కాగితం తయారుచేసేటప్పుడు దానిని చాలావరకు తీసివేస్తారు. దీనివల్ల మనం నేర్చుకున్నదేమిటి? పుస్తకాలను ఎండలో పెట్టరాదు.

మూడవ పని: పుస్తకాలకు వైద్యం. వానాకాలం చెమ్మకు పుస్తకాల్లో పురుగులు చేరుతవి. వాటికి చీకటీ, చెమ్మా ఇష్టం. అట్టల జిగురులోని పిండిని తింటవి. కనుక వానలు రాకముందే గ్రంథపాలకుని అనుమతితో పుస్తకాలు దించి, నీడలో గాలికి పెట్టి, మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, బీరువా అరలు తుడిచి, తిరిగి అంకెల వరుసన సర్దండి. చిరిగిన పేజీలకు మెరిసే టేపు అంటించకండి. కొంతకాలానికి టేపు ఊడిపోతుంది గాని దాని బంక కాగితంలోకి ఇంకి మరక చేస్తుంది. పలచని కాగితం పట్టీని మైదాపిండి ఉడికించిన జిగురుతో అంటించి, ఆరేదాకా బరువు పెట్టాలి. ఇది మీ చేతితో చేశారంటే, ఇక ఏ పుస్తకం పేజీనీ మీరు మడవలేరు!

నాలుగవ పని అన్నిటికన్నా పెద్దది. ప్రతివారం ఒక సాయంకాలం చదివి వినిపించే సభ పెట్టండి. పాట వచ్చినవారు ప్రార్థన పాడండి. బొమ్మలు వచ్చినవారు సభ సంగతి తెలిపే కాగితం రంగులతో వ్రాసి గోడకు పెట్టండి. ఒకరు కథ చదవాలి. పావుగంట మించకూడదు. అందరికీ వినపడేట్టు, ఆగవలసినచోట ఆగుతూ చదవాలి. ముందురోజు ఇంట్లో రెండుసార్లు బిగ్గరగా చదువుకుని రావాలి. తరువాత విన్నవారిలో ఒకరు ఆ కథను తమ మాటల్లో చెప్పాలి.

ఈ సభకు ఒకే నియమం. ప్రతివారూ తమతో ఒకరిని వెంటబెట్టుకు రావాలి. అంతవరకు గ్రంథాలయం గడప తొక్కనివారిని తేవాలి. కళ్ళు ఆనని మామ్మగారు కావచ్చు. మీ వీధిలో కొత్త ఇల్లు కడుతుంటే, ఇసుక కుప్ప దగ్గర ఆడుకునే కూలివారి పిల్లవాడు కావచ్చు. ఆ పిల్లవాడికి అక్షరాలు రాకపోవచ్చు. ఏం ఫరవాలేదు. కథ వినడానికి అక్షరాలు అక్కర లేదు. విన్న కథ మళ్ళీ వినాలనిపించినప్పుడు, ఆ కథ ఏ పుస్తకంలో ఉన్నదో చూపమంటాడు. చూపినప్పుడు, ఈ అక్షరమేమిటని అడుగుతాడు. అప్పుడు మీరే అతనికి మేష్టారు. అతనిని వెనక్కు నెట్టి కూర్చోబెట్టకండి. గేలిచెయ్యకండి. నోరు తెరవబోయినవారిని గేలిచేస్తే ఎంత బాధో ఇందాక చెప్పాను గదా!

ఊళ్ళో గ్రంథాలయం మూతబడడానికి చెదపురుగులు చాలవు. వచ్చేవారు లేకపోతేనే అది మూతబడుతుంది. మొదట పత్రికలు తగ్గిస్తారు, తరువాత వేళలు తగ్గిస్తారు, చివరకు తాళం పడుతుంది. సంతకాల పుస్తకంలో మీ పదిమంది పేర్లు రోజూ కనబడితే, తాళం వేసేందుకు ఎవరికీ చెయ్యి రాదు.

బడి తెరిచేలోగా ఎన్ని సభలు పెట్టారో, ఎవరు ఏ కథ చదివారో, కొత్తగా ఎందరిని తీసుకువచ్చారో పత్రికకు ఉత్తరం వ్రాయండి. ఎండలో టోపీ లేకుండా బయలుదేరకండి. మంచినీళ్ళు తాగి మరీ వెళ్ళండి.