రంగుకు ధర కట్టే ముందు

ఖమ్మంలోనైనా, కొత్తగూడెంలోనైనా జాతి కుక్కపిల్లను కొనబోయేవాళ్లు ముందు చూసేది రంగు. తల్లికి ఎన్నో ఈత, పిల్లకు చెవులు వినిపిస్తున్నాయా అని అడిగేవాళ్లు అరుదు. అపురూపమైన రంగయితే ఎక్కువ పెట్టడానికీ వెనకాడం. ఆ రంగు కోసం జరిగే తప్పులో ఆ డబ్బు మేరకు మనకూ వాటా ఉంది.

తెలియక చేశామనే వీలు ఇప్పుడు లేదు. బూడిదరంగు మీద మచ్చలు చల్లినట్టుండే 'మెర్ల్' రంగుకు కారణం ఒక జన్యువులో చొరబడ్డ చిన్న డీఎన్‌ఏ ముక్క అని అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ పరిశోధకులు 2006లోనే తేల్చారు. అది తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే వస్తే మనం మురిసిపోయే రంగు. ఇద్దరి నుంచీ వస్తే పిల్ల చాలామటుకు తెల్లగా పుడుతుంది. చెవుడో, గుడ్డితనమో, రెండూనో వెంటబడే ముప్పు ఎక్కువ. బొచ్చుకు రంగునిచ్చే కణాలే లోపలి చెవికీ అవసరం. అవి లేనిచోట వినికిడి నిలవదు. డాల్మేషియన్లలో చెవుడు ఎక్కువగా కనిపించడానికి మూలం ఇదే.

బ్రిటన్‌లోని లాబ్రడార్ల మీద సిడ్నీ యూనివర్సిటీ పరిశోధకుల అధ్యయనం 2018లో వెలువడింది. చాకొలెట్ రంగువాటిలో సగం 10.7 ఏళ్లలోపే చనిపోయాయి. నలుపు, పసుపు రంగులవాటిలో ఆ సగం పోవడానికి 12.1 ఏళ్లు పట్టింది. చర్మం, చెవుల జబ్బులూ చాకొలెట్‌వాటికే ఎక్కువ. ఆ రంగు రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉండాలి. అందుకని కొద్దిపాటి కుక్కల్లోనే మళ్లీ మళ్లీ క్రాసింగ్ చేయిస్తే జబ్బులూ అదే గూటిలో పోగుపడతాయి.

ఏ జోడీని కలపకూడదో చెప్పే జన్యు పరీక్షే, ఏ జోడీని కలిపితే ఖరీదైన రంగు వస్తుందో కూడా చెబుతుంది. దాన్ని దేనికి వాడాలో అమ్మేవాడికి నేర్పేది కొనేవాడి బేరమే.

చర్ల, దుమ్ముగూడెం వైపు గూడేల్లో చేనుకూ, ఇప్పపూలు ఏరడానికీ మనిషి వెంట నడిచే ఊరకుక్కను రంగు చూసి ఎంచుకోలేదు. ఎండకు తాళింది, కాపలా కాసింది, మనిషిని అంటిపెట్టుకుంది. మనమేమో మే నెల ఎండలో సైబీరియా మంచుకు పుట్టిన హస్కీని ఏసీ గదిలో కట్టేస్తున్నాం. మోజు తీరాకో, జబ్బు చేశాకో దాన్ని కిన్నెరసాని అడవి దారిలో వదిలేస్తే పాపం దానితోనే ఆగదు. 2018లో గిర్ అడవిలో సింహాల చావులకు కుక్కల్లో తిరిగే డిస్టెంపర్ వైరస్ కూడా కారణమైంది. టీకా లేని కుక్క అడవి అంచుకు చేరితే అక్కడి మృగాలకూ ముప్పే. వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ పిల్లలకు చెప్పుకునే మనం చేయాల్సిన పని కాదిది.

కేంద్రం 2017లో తెచ్చిన నియమాల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నమోదు పత్రం అడగండి. తల్లిని చూపించమనండి. మెర్ల్‌కు మెర్ల్‌ను కలిపిన ఈతలోని పిల్లయితే కొనకండి. ఇంట్లో క్రాసింగ్ చేయించేవాళ్లు ముందు పశువైద్యుణ్ణి కలవండి. కలపకూడని జోడీ అయితే వైద్యులు మొహమాటపడకుండా వద్దని చెప్పండి. రంగుకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వబోమని మనమంతా తేల్చి చెబితే, ఆ రంగు కోసం గుడ్డి పిల్లల్ని పుట్టించే వ్యాపారం మన జిల్లాల్లో నిలవదు.