చెట్టు పేరులో హామిల్టన్ ఎందుకున్నాడు?

మొజంజాహీ మార్కెట్ అంటే మనకు ఐస్‌క్రీమే. 1935 నాటి ఆ రాతి కట్టడం దాటి బేగంబజార్ వైపు నడిస్తే మాత్రం వాసన మారుతుంది. గోనెసంచుల్లో తిప్పతీగ, పొడపత్రి, నేలవేము. ఏది దేనికి పనికొస్తుందో దుకాణంలో టకటకా చెబుతారు. ఎవరు తెచ్చారంటే "అడవి నుంచి వస్తుంది" అంటారు. అడవి తనే లారీ ఎక్కి వస్తుందా?

దుకాణదారుతో నాకు పేచీ లేదు. అతనిది బేరం. నా పేచీ వృక్షశాస్త్రజ్ఞులతో. చాలా పరిశోధన వ్యాసాల్లోనూ అదే జవాబు, కాస్త మర్యాదగా: "చెంచులు దీన్ని ఫలానా జబ్బుకు వాడతారు." ఏ పెంటలో (చెంచు గూడేలను అలాగే అంటారు), ఎవరు చెప్పారు? ఉండదు. చెప్పినవాళ్లు "సమాచారదాతలు", రాసినవాళ్లు ప్రొఫెసర్లు.

మారేడు గడ్డలే చూడండి. నన్నారి షర్బత్‌లో పడేవి. నల్లమలలో చెంచులు తవ్వుతారు. శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోనీ. పేరులోనే హామిల్టన్ దొర కూర్చున్నాడు. పేరు పెట్టిన వైట్, ఆర్నాట్‌లను కూడా దాని పక్కనే రాస్తాం. మరి ఈ శాస్త్రానికి పేర్లు గుర్తుండవని ఎలా అనుకోను?

"ఆ జ్ఞానం ఒకరి సొత్తు కాదు, తెగ మొత్తానిది" అంటారు. సరే, తెగకే ఇవ్వండి. కేరళలో ఇచ్చారు. 1987లో అగస్త్య కొండల్లో పుష్పాంగదన్ బృందానికి దారి చూపిన కాణి గిరిజనులు అలుపు రాకుండా ఒక కాయ తినేవారు. అదే ఆరోగ్యపచ్చ. ఆయన డైరెక్టరుగా ఉన్న పాలోడ్ వృక్షోద్యాన సంస్థ ఆ మొక్కతో 'జీవని' అనే మందు చేసింది. 1995లో దాన్ని ఒక కంపెనీకి ఇచ్చినప్పుడు, ఫీజులోనూ రాయల్టీలోనూ సగం కాణిలకన్నారు. 1997లో వాళ్ల ట్రస్టు ఏర్పడింది. వంకలు లేవని కాదు. మమ్మల్ని అడగలేదన్న కాణిలూ ఉన్నారు. అయినా జీవవైవిధ్య చట్టం వచ్చింది 2002లో. చట్టం లేనప్పుడే పంచగలిగారు. దారి చూపినవాళ్లలో ఒకరు కుట్టిమాథన్ కాణి అని ఇవాళ మనకు తెలుసు. ఎవరో పేరు రాశారు కాబట్టి తెలుసు.

ఇప్పుడిది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2023లో ఆ చట్టాన్ని సవరించి, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకుంటే లాభం పంచక్కర్లేదన్నారు. ఇక మిగిలింది నోటిమాటగా ఉన్న జ్ఞానం. ఆ నోరు ఎవరిదో రాయకపోతే రేపు వాటా ఎవరికిస్తారు?

కాబట్టి అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. చెప్పినవాళ్ల పేరు రాయండి. వాళ్లు వద్దంటే మానేయండి, కానీ ముందు అడగండి. అచ్చయినదాన్ని తెలుగులో పెట్టి ఆ పెంటకు తీసుకెళ్లి చదివి వినిపించండి. ప్రమోషన్‌కి వ్యాసాలు లెక్కపెట్టే కమిటీలు దీన్నీ లెక్కలో వేసుకోవాలి. ఒక గడ్డ కోసం నాలుగు రోజులు కొండెక్కిన మనిషికి, ఒక పేరు రాసుకోవడం అంత బరువా?