ఎల్‌సీ రాలేదు, ఎక్కను

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు, ముందు అందరూ రాసేదే రాద్దామనుకున్నాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతున్నాను. ఇనుప ట్రంకు పెట్టెతో హాస్టల్ గుమ్మంలో దిగిన రోజు, దోమతెర లేని రాత్రులు, పరీక్ష ఫీజుకి అప్పు చేసిన అమ్మ, వీటితో ఒక వ్యాసం తేలిగ్గానే అవుతుంది. కానీ అలాంటివి ఈ సంచికలో ఎలాగూ మూడో నాలుగో ఉంటాయి. అందుకని ఈసారి నా గురించి కాకుండా డిగ్రీ చదవని మా తమ్ముడి గురించి రాస్తున్నాను.

వాడు పది పాసై, ఐటీఐలో రెండేళ్లు ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసి, తర్వాత ఒక సబ్‌స్టేషన్‌లో ఏడాది పాటు అప్రెంటిస్‌గా ఉన్నాడు. మా నాన్న కడియం నర్సరీల్లో పని చేస్తారు. మొక్కలు కొనడానికి వచ్చినవాళ్లెవరైనా పిల్లలేం చేస్తున్నారని అడిగితే, "పెద్దది ఎమ్మెస్సీ అండి" అని నలుగురికీ వినపడేలా చెబుతారు. "చిన్నోడు కరెంటు పనికి వెళ్తన్నాడండి" అనేటప్పటికి ఆయన గొంతు తగ్గిపోతుంది. ఆ గొంతు తగ్గడం మా ఇంట్లోనే కాదు, మన హాస్టళ్లలోనూ ఉంది. పదో తరగతిలో మార్కులు తగ్గినవాడిని "నువ్వు ఐటీఐకి పోరా" అంటాం. అది దారి చూపించినట్టుండదు, శిక్ష వేసినట్టుంటుంది.

మన హాలులో అంబేడ్కర్ గారి పటానికి ఏటా ఏప్రిల్ 14న దండ వేస్తాం. ఆయన రాజ్యాంగం రాశారని అందరం చెబుతాం. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా ఉన్నప్పుడు దేశానికి విద్యుత్ విధానం గురించి ఆలోచించింది కూడా ఆయనేనని మనలో ఎంతమందికి తెలుసు? 1943లో ప్రజా పనులు, విద్యుత్తు విషయాల విధాన సంఘానికి ఆయనే అధ్యక్షత వహించారు. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఏర్పడింది. కరెంటు లేనిదే పరిశ్రమ లేదు, పరిశ్రమ లేనిదే పేదవాడు పేదరికంలోంచి బయటపడలేడు అన్నది ఆయన వాదన. ఆ కరెంటుని మన ఇంటిదాకా తెచ్చే పనిలో ఉన్న మన పిల్లవాడి గురించి గొంతు తగ్గించి చెప్పుకోవడం నాకు నచ్చడం లేదు.

ఇంతకీ సబ్‌స్టేషన్‌లో ఏం జరుగుతుంది? బస్సులో వెళ్తూ కంచె వెనకాల స్తంభాలు, కంకర, "అపాయం" అని పుర్రె బొమ్మ చూసి ఊరుకుంటాం. నేనూ అంతే. ఫిజిక్సు పుస్తకంలో ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ వంద సార్లు వేశాను కానీ, మన పల్లెల దగ్గరుండే 33/11 కేవీ సబ్‌స్టేషన్ లోపలి సంగతి వాడు చెప్పేదాకా తెలియదు. 33 కేవీ లైను వస్తుంది, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 11 కేవీకి తగ్గిస్తుంది, అక్కడి నుంచి ఫీడర్లు ఊళ్లకి, చేలకి, చెరువులకి వెళ్తాయి. ఎక్కడైనా తీగ తెగినా, కొమ్మ పడినా బ్రేకర్ ట్రిప్పవ్వాలి.

మొదటి రెండు నెలలు వాడు ఇంటికొచ్చి ఒకటే గొణిగేవాడు. "కంకరలో గడ్డి పీకిస్తన్నారక్కా. బ్యాటరీలకి నీళ్లు పోయిస్తన్నారు. గంట గంటకీ రీడింగులు రాయిస్తన్నారు. ఇందుకేనా రెండేళ్లు ఐటీఐ చేసింది?" నాకూ కోపం వచ్చింది. మన పిల్లలంటే చాకిరీకేనా అనిపించింది.

తర్వాత రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్న ఒక లైన్ ఇన్‌స్పెక్టర్ గారు ఆ సెక్షన్‌కి వచ్చారు. ఆయనా అవే పనులు చేయించారు, కానీ ఎందుకో చెప్పి చేయించారు. లైనులో తప్పు జరిగి కరెంటు భూమిలోకి దిగినప్పుడు, నేల మీద ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య వోల్టేజి తేడా వస్తుంది. కింద కంకర ఉంటే ఆ కరెంటు మనిషి కాళ్లలోంచి పోవడం కష్టమవుతుంది. గడ్డీ మట్టీ పెరిగి కంకర కప్పుకుపోతే ఆ రక్షణ తగ్గిపోతుంది, పైగా పాములు. బ్యాటరీ సంగతి మరీ ముఖ్యం. బయటి సప్లై మొత్తం పోయినా బ్రేకర్‌ని ట్రిప్ చేయించేది ఆ బ్యాటరీయే. అది చచ్చిపోయి ఉంటే, తెగిపడిన తీగలో కరెంటు అలాగే ఉండిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ బ్రీదర్‌లో నీలం రంగు గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే తేమ పట్టిందని, మార్చకపోతే ఆ తేమ నూనెలోకి పోతుందని, నూనె బలం తగ్గుతుందని ఆయన గింజలు చేతిలో పోసి చూపించారట. సీటీ సెకండరీని ఎప్పుడూ తెరిచి ఉంచకూడదని ఆయన చెప్పింది వాడికి అర్థం కాక ఫోను చేస్తే, ఆ రాత్రి నేను ఫారడే నియమంతో చెప్పాను. మా ఇంట్లో ఒకరి చదువు ఇంకొకరి పనికొచ్చింది ఆ రోజే.

అదే గడ్డి, అదే బ్యాటరీ. ఎందుకో చెప్పకుండా చేయిస్తే మా వాడికి అది చాకిరీ, చెప్పి చేయిస్తే చదువు. అప్రెంటిస్‌షిప్ మీద నా మొదటి అభిప్రాయం ఇది. రెండోది ఇంతకంటే కష్టమైన సంగతి.

ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. మన గోదావరి జిల్లాల్లో గాలి వచ్చిందంటే కొబ్బరి మట్ట తీగల మీద పడకుండా ఉండదు. 11 కేవీ ఫీడర్ ఒకటి ట్రిప్పయింది. సబ్‌స్టేషన్‌కి కాస్త దూరంలో స్తంభం దగ్గర మట్ట వేలాడుతోంది. వెళ్లిన ఇద్దరిలో పెద్దాయనకి మోకాలి నొప్పి. "ఫీడర్ ట్రిప్పయ్యే ఉందిగా, చిన్న పనే, ఎక్కి లాగెయ్యరా" అన్నారు. మా వాడు కదల్లేదు. "ఎల్‌సీ నంబరు చెప్పండన్నా. ఎల్‌సీ రాలేదు, ఎక్కను" అన్నాడు.

కరెంటు పని తెలియని మిత్రుల కోసం నాలుగు మాటలు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌ ఆపరేటర్‌ని అడగాలి. ఆయన బ్రేకర్ తీసి, ఏబీ స్విచ్ కూడా తెరిచి, తాళం వేసి, బోర్డు తగిలించి, రిజిస్టరులో టైము, పేరు రాసి నంబరు ఇస్తారు. ఆ తర్వాత పని చేసే చోట లైనులో కరెంటు లేదని పరీక్షించి, రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేసి, అప్పుడు ఎక్కాలి. పని అయ్యాక మనుషులందరూ దిగారని చూసుకుని, రాడ్లు తీసేసి, ఎల్‌సీ తిరిగి ఇచ్చాకే లైను చార్జి చేయాలి.

ట్రిప్పయిన లైను ఆగిపోయిన లైను కాదు. కొమ్మ దానంతటదే రాలిపోయి ఉంటుందని ఆపరేటర్ ఇంకోసారి చార్జి చేసి చూడవచ్చు. స్తంభం మీద మనిషి ఉన్నాడని రిజిస్టరులో లేకపోతే ఆయనకెలా తెలుస్తుంది? అది కాకపోయినా, కరెంటు పోగానే చెరువు దగ్గర ఎవరో జనరేటరు వేస్తారు. చేంజోవర్ స్విచ్ సరిగా లేకపోతే ఆ కరెంటు వెనక్కి ఎగదన్ని ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి 11 కేవీగా మారి లైనులోకి వస్తుంది. ఆక్వా చెరువులున్న మన ప్రాంతంలో ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే ప్రమాదం కాదు. రెండు వైపులా ఎర్త్ రాడ్ వేయమనేది అందుకే.

మా వాడు ఎక్కలేదు. ఆ రాత్రి ఎల్‌సీ తీసుకునే పని చేశారు. ముప్పావు గంట ఆలస్యమైంది, ఊళ్లోంచి ఫోన్లు వచ్చాయి. మర్నాటి నుంచి వాడిని యార్డులోకి రానివ్వలేదు. లాగ్ బుక్ దగ్గర కూర్చోబెట్టారు. "నీకు సర్టిఫికెట్ ఎలా వస్తుందో చూస్తా" అని ఒకాయన అన్నారు. అమ్మ ఏడ్చి, "మానేసి వచ్చెయ్యరా నాయనా, నర్సరీలో పని లేదా" అంది.

నేనేమన్నానో రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఇంట్లో అందరికంటే ఎక్కువ చదువుకున్నదాన్ని, ఫోనులో వాడితో "వెళ్లి సారీ చెప్పెయ్యి, ఏడాది ఎలాగో గడిపెయ్యి" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సారీ చెప్తే మళ్లీ గాలొచ్చిన రోజున మళ్లీ ఎక్కమంటారక్కా" అన్నాడు.

ఆ మాట తర్వాతే నేను అప్రెంటిస్ చట్టం తీసి చదివాను. 1961 నాటి చట్టం. అందులో 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందేవాడే కానీ కార్మికుడు కాదు. కార్మిక చట్టాలు వాడికి వర్తించవు. పై వాళ్ల దయ మీద ఉండాల్సిన పరిస్థితి అక్కడి నుంచే వచ్చింది. కానీ అదే చట్టంలో మనకు పనికొచ్చేవీ ఉన్నాయి. శిక్షణలో గాయపడితే నష్టపరిహారం యజమానే ఇవ్వాలని 16వ సెక్షన్ చెబుతోంది. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైము చేయించకూడదని 15వ సెక్షన్. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి సీట్లు కేటాయించాలని 3ఏ సెక్షన్. కనీస స్టైపెండు, 2019లో సవరించిన నిబంధనల్లో, చదువుని బట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయల వరకు పెట్టారు. ఒప్పందం రాసుకుని నమోదు చేయాలి. మా వాడి బ్యాచిలో ఆ ఒప్పందం కాగితాన్ని పూర్తిగా చదివినవాడు ఒక్కడూ లేడు. మా వాడూ చదవలేదు. సంతకం పెట్టమన్న చోట పెట్టాడు.

"ఎక్కను" అనే హక్కు గురించి మాత్రం ఆ చట్టంలో మా వాడికి పనికొచ్చే మాట నాకు కనపడలేదు. నా వాదన అక్కడే ఉంది. ఎల్‌సీ లేకుండా ఎక్కను అని చెప్పడం క్రమశిక్షణ తప్పడం కాదు, ఈ ట్రేడులో నేర్పాల్సిన మొదటి పాఠం అదే. స్తంభం ఎక్కడం వారంలో వస్తుంది. పెద్దవాళ్లు ఎక్కమన్నప్పుడు ఎక్కకుండా నిలబడడం, అదీ అణిగి ఉండమని తరతరాలుగా చెప్పించుకున్న ఇళ్లలోంచి వచ్చిన పిల్లవాడికి, ఏడాదిలో కూడా రాదు. కాబట్టి దాన్ని నేర్పాలి, మార్కులివ్వాలి. అప్రెంటిస్ ఎన్ని సార్లు ఎల్‌సీ ప్రక్రియ మొదటి నుంచి చివరిదాకా చూశాడో, చేశాడో వాడి రికార్డు పుస్తకంలో రాయాలి. ఎల్‌సీ అడిగినందుకు యార్డుకి దూరం చేస్తే, ఆ చేసినవారిని అడిగేవారు ఒకరుండాలి. అలా అడిగే అధికారి అదే సబ్‌స్టేషన్ మనిషి కాకూడదు.

ఇంకోటి, ఆ సర్టిఫికెట్ విలువ. శిక్షణ పూర్తయితే ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం అనలేదు. 1995లో సుప్రీంకోర్టు, ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ అప్రెంటిస్‌ల కేసులో, మిగతా అర్హతలు సమానంగా ఉంటే శిక్షణ పొందినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2019లో గ్రామ సచివాలయాలకి ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కించి చూశారు, మీటరు రీడింగు చూశారు, సైకిలు తొక్కించారు. అప్రెంటిస్‌షిప్ చేసి ఉండాలన్న షరతు లేదు. షరతు పెట్టమని నేనూ అనను, ఎందుకంటే అప్రెంటిస్ సీటు దొరకని పిల్లలు చాలామంది ఉన్నారు. కానీ ఏడాది పాటు యార్డులో ఎండకి మాడినవాడికి కొన్ని మార్కులైనా కలపాలి కదా.

ఆడపిల్లల సంగతి కూడా ఒక్క మాట. మా తమ్ముడి బ్యాచిలో ఒక్క అమ్మాయి లేదు. తెలంగాణలో సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష, ఆడవాళ్లు ఈ పనికి పనికిరారన్న నోటిఫికేషన్ మీద హైకోర్టు దాకా వెళ్లి, స్తంభం ఎక్కి చూపించి, 2022లో లైన్‌ఉమన్ అయింది. మన బాలికల హాస్టల్‌లో కొబ్బరి చెట్టెక్కే చెల్లెళ్లు నాకు ఇద్దరు తెలుసు. పేర్లు రాస్తే వార్డెన్ గారు నన్ను తిడతారు.

మా అమ్మానాన్నలు 1996 నవంబరు తుపాను గురించి ఇప్పటికీ చెబుతారు. కోనసీమలో చెట్లు, స్తంభాలు కలిసి పడుకున్నాయని, ఎన్నో రోజులు చీకట్లో ఉన్నామని. మళ్లీ కరెంటు వచ్చిన రోజు అందరికీ గుర్తుంది. దాన్ని తెచ్చినవాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తు లేవు. ఈసారి గాలి వచ్చినప్పుడు స్తంభాలెక్కేది మన హాస్టల్ పిల్లలే కావచ్చు. వాళ్లు దిగి ఇంటికి రావాలి.

మూడు వారాల తర్వాత ఆ లైన్ ఇన్‌స్పెక్టర్ గారే మా వాడిని మళ్లీ యార్డులోకి పిలిచి, ఎల్‌సీ రిజిస్టరు చేతికిచ్చి, ఆ రోజు ఎంట్రీ నువ్వే రాయి అన్నారట. ఏడాది పూర్తయింది, పరీక్ష రాశాడు, ఫలితం రావాలి. మన పదో తరగతి, ఇంటర్ పిల్లలకి ఒక ఆదివారం గంటసేపు ఎల్‌సీ అంటే ఏమిటో, అప్రెంటిస్ ఒప్పందంలో ఏముంటుందో చెబుతానన్నాడు. వార్డెన్ గారు ఒప్పుకుంటే చాలు. ఎవరినైనా అడిగి ఒక ఎర్త్ రాడ్ కూడా తెస్తాడట. ఒప్పందం కాగితం జిరాక్సులు నేను తెస్తాను.

— పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ (ఫిజిక్సు), రాజమహేంద్రవరం