వడ్డించేవాడు లేని విందు

మేము తమిళ బడిలో చదువుకున్నవాళ్ళం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించి విషయం చూడండి.

ఈసారి ఉగాది విందు కూడా బఫేనే అని కమిటీ చెప్పింది. మేము వద్దనడం లేదు. కానీ పోయిన ఏడు మేము చూసినది చెప్పాలి.

మా ఈడువాళ్ళం నలుగురం ప్లేట్లు పట్టుకుని పాత రైల్వే కబుర్లు చెప్పుకుంటున్నాం. ఎనభై దాటిన ఒక అవ్వ వచ్చింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ప్లేటు. గరిటె పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది? కాసేపు వరుస పక్కన నిలబడి, ఎవరో పెట్టిన కాస్త పెరుగన్నం తిని వెళ్ళిపోయింది. ఒబ్బట్లు ఉన్నాయని కూడా ఆమెకు తెలియదు. మేము గమనించేసరికి ఆమె ఆటో ఎక్కుతోంది. ఆ తప్పు వంటవాళ్ళది కాదు, మాది.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అని మన పెద్దలు అనేవారు. బఫేలో ఆ వడ్డించేవాడే లేడు. అయితే పంక్తి భోజనం అంతా బంగారం అనడానికీ లేదు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలనే పేచీలు, ఆడవాళ్ళు చివరి పంక్తిలో చల్లారిన సాంబారుతో తినడం, ఇవన్నీ చూసినవాళ్ళమే. బఫే వచ్చాక ఆ పేచీలు తగ్గాయి. షుగరు ఉన్నవాళ్ళకు బలవంతపు పాయసమూ తప్పింది. అది మంచిదే.

కాబట్టి బఫేను బాగా అనుభవించడానికి మాకు తెలిసినవి నాలుగు మాటలు.

ఒకటి. మొదట ఖాళీ చేతులతో బల్లల చుట్టూ ఒకసారి తిరగండి. నూడుల్స్, గోబీ మంచూరియన్ ముందు ఉంటాయి. పులిహోర, ఒబ్బట్టు చివర ఎక్కడో ఉంటాయి. తెలియక ముందువాటితోనే ప్లేటు నింపేస్తాం.

రెండు. తోసుకోకండి. ఏళ్ళ తరబడి టికెట్ కౌంటర్ వెనక కూర్చుని క్యూలు చూసినవాళ్ళం. రైలు వెళ్ళిపోతుందనే భయం ఉన్నప్పుడే తోపులాట. బఫేలో ఏ రైలూ కదలదు.

మూడు. కొంచెం కొంచెంగా వడ్డించుకోండి, కూర్చుని నిదానంగా తినండి. నచ్చితే మళ్ళీ వెళ్ళొచ్చు. ఐక్యరాజ్యసమితి లెక్కలో 2022లో ఇళ్ళు, హోటళ్ళు, అంగళ్ళు కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో మన ప్లేటు చేరకూడదు.

నాలుగు. వేడి పదార్థం వేడిగానే ఉందా చూడండి. 60 డిగ్రీల పైన ఉంచాలని, వండినది మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కింద మంట ఆరిపోయిన గిన్నెను వదిలేయండి.

ఇవన్నీ ఒక ఎత్తు, రెండోసారి వెళ్ళేటప్పుడు ఇంకొకరి ప్లేటు కూడా తీసుకుని వెళ్ళడం ఒక ఎత్తు. "పెద్దమ్మా, మీకేం తేవాలి?" అని ఒక్క మాట అడిగి చూడండి. ఆ తర్వాత తినే ఒబ్బట్టు రుచే వేరు.

మన ధర్మపురి పాత పేరు తగడూరు. ఆయుష్షు పెంచే అరుదైన ఉసిరికాయ దొరికితే, తగడూరు ఏలిన అదియమాన్ తాను తినకుండా ఔవైయార్‌కు ఇచ్చాడని బడిలో చదివాం. బల్ల మీద పెట్టి "కావలసినవాళ్ళు తీసుకోండి" అనలేదు. చేతికి ఇచ్చాడు.

కమిటీకి మా మనవి ఇదే. బఫే ఉండనివ్వండి. పక్కనే ఇరవై కుర్చీలు, బల్లలు వేసి అరిటాకులు పరవండి. డెబ్బై దాటినవాళ్ళు, నిలబడలేనివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు అక్కడ కూర్చుంటారు. మన పిల్లలు వంతులవారీగా వడ్డిస్తారు. "ఇంకాస్త వేయనా అవ్వా?" అని అడగడంలో వాళ్ళకు తెలుగు కూడా వస్తుంది. తరగతి పెట్టి నేర్పినా రానిది ఒక్క పూటలో వస్తుంది.

మొదటి వంతు మేమే వడ్డిస్తాం. పోయిన ఏడు వెళ్ళిపోయిన ఆ అవ్వను పిలుచుకొచ్చే పూచీ కూడా మాదే. మీరేమంటారో రాయండి.